నిఘాకు ఎదురు నిలిచిన రాజమండ్రి న్యాయమూర్తి

రాత్రి పొద్దుపోయాక తలుపు దబదబా మోగుతుంది. బయట పోలీసు, పక్కన గ్రామ చౌకీదారు. ఇంట్లో ఉన్నాడా లేడా, ఎవరితో ఉన్నాడు, ఎప్పుడొచ్చాడు అని అడుగుతారు. మరో ఊరు వెళ్లాలంటే ముందుగా చెప్పి వెళ్లాలి. అక్కడి పోలీస్ స్టేషన్‌కు కబురు అందుతుంది. అక్కడా ఒకరు కనిపెట్టి ఉంటారు. ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఖరక్ సింగ్ సుప్రీంకోర్టుకు చెప్పుకున్న గోడు ఇది. ఆయన చేసిన నేరమేంటి? 1941లో ఓ దోపిడీ కేసులో అరెస్టు చేశారు. సాక్ష్యం లేదని వదిలేశారు. అంతే. కానీ పోలీసుల దగ్గర ఆయన పేరుతో తెరిచిన హిస్టరీ షీట్ మాత్రం మూతపడలేదు.

ఈ కేసు విన్న ఆరుగురు న్యాయమూర్తుల్లో నలుగురు, రాత్రిపూట ఇంటికెళ్లి తలుపు కొట్టడం తప్పన్నారు. మిగతా నిఘా ఫర్వాలేదన్నారు. ఇద్దరు మాత్రం మొత్తం చెల్లదన్నారు. ఆ ఇద్దరి తరఫున తీర్పు రాసింది మన రాజమండ్రిలో పుట్టిన జస్టిస్ కోకా సుబ్బారావు. 1962లో ఆ మాట ఓడిపోయింది. దాదాపు 55 ఏళ్ల తర్వాత, 2017లో, తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఆయన వైపే నిలబడింది. మన ఫోన్‌లో ఉన్న డేటా మీద మనకు హక్కు ఉందని ఇవాళ అనగలుగుతున్నామంటే, దాని వేళ్లు ఆయన రాసిన ఆ కొన్ని పేజీల్లో ఉన్నాయి.

గోదావరి ఒడ్డు నుంచి..

సుబ్బారావు 1902 జులై 15న రాజమండ్రిలో పుట్టారు. అక్కడి ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీలో డిగ్రీ, మద్రాసు లా కాలేజీలో న్యాయవిద్య. మామగారు వెంకటరమణారావు నాయుడు మద్రాసులో పేరున్న న్యాయవాది. ఆయన ఆఫీసులోనే జూనియర్‌గా చేరారు. మధ్యలో మున్సిఫ్‌గా సర్కారు కొలువు వచ్చింది. బాపట్లలో కొద్ది నెలలు పనిచేశారు. ఆ తర్వాత మళ్లీ నల్లకోటు వేసుకుని ప్రాక్టీసుకే వచ్చేశారు. బావమరిది పి.వి.రాజమన్నార్‌తో కలిసి పనిచేశారు. ఈ రాజమన్నారే తర్వాత మద్రాసు హైకోర్టుకు తొలి భారతీయ ప్రధాన న్యాయమూర్తి అయ్యారు.

1948లో సుబ్బారావు మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి అయ్యారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. రాజధాని కర్నూలు, హైకోర్టు గుంటూరు. 1954 జులైలో గుంటూరులో మొదలైన ఆ హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తి ఆయనే. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక కోర్టు హైదరాబాద్‌కు మారింది. కొత్త రాష్ట్రానికీ ఆయనే తొలి ప్రధాన న్యాయమూర్తి. 1958 జనవరి 31న సుప్రీంకోర్టుకు వెళ్లారు. అప్పటికి ఆయన వయసు 55.

ఒక్కడే ఒకవైపు

ఢిల్లీకి వెళ్లిన ఏడాదే ఓ పెద్ద పరీక్ష ఎదురైంది. 1957 మే నెలాఖరులో బిహార్ అసెంబ్లీలో ఓ సభ్యుడు ముఖ్యమంత్రి మీద ఘాటుగా మాట్లాడారు. ఆ మాటల్లో కొన్నింటిని స్పీకర్ రికార్డుల నుంచి తొలగించారు. మర్నాడు పట్నా నుంచి వచ్చే సర్చ్‌లైట్ పత్రిక ఆ ప్రసంగాన్ని తొలగించిన భాగాలతో సహా అచ్చేసింది. సభాహక్కుల ఉల్లంఘన అంటూ ఎడిటర్ ఎం.ఎస్.ఎం.శర్మకు నోటీసు వచ్చింది. ఆయన సుప్రీంకోర్టు మెట్లెక్కారు.

ప్రశ్న సూటిగా ఉంది. శాసనసభ హక్కు గొప్పదా? పౌరుడి వాక్ స్వాతంత్య్రం గొప్పదా? అయిదుగురు న్యాయమూర్తుల్లో నలుగురు సభవైపు మొగ్గారు. సుబ్బారావు ఒక్కరే కాదన్నారు. ప్రాథమిక హక్కు పైన, సభాహక్కు దాని కింద ఉండాలన్నది ఆయన వాదన. చీఫ్ జస్టిస్ ఎస్.ఆర్.దాస్ సహా సీనియర్లంతా ఒకవైపు ఉంటే, కోర్టుకొచ్చి ఏడాది కూడా నిండని జడ్జి మరోవైపు. 1958 డిసెంబరులో వచ్చిన ఆ తీర్పు తర్వాత ఆయనకో పేరు స్థిరపడింది. తనకు సబబని తోచింది రాయడానికి పక్కన ఎవరూ లేకపోయినా ఫర్వాలేదనుకునే మనిషి అని.

అధికారంలో ఉన్నవాళ్లకు నచ్చని మాటను రికార్డు నుంచి తీసేయడం, తీసేసింది జనానికి చేరవేసినవాళ్లకు నోటీసు ఇవ్వడం.. ఇది ఎక్కడో విన్నట్టు ఉందా? ఇవాళ పోస్టు తీసేయమనో, అకౌంటు ఆపేయమనో ఆదేశాలు వెళ్తున్నప్పుడు జరిగే వాదన కూడా ఇదే.

ఆ ఫైల్లో ఏముంది?

ఇక ఖరక్ సింగ్ దగ్గరికొద్దాం. ఉత్తరప్రదేశ్ పోలీస్ రెగ్యులేషన్లలో 236వ నిబంధన నిఘా అంటే ఏంటో వివరంగా చెబుతుంది. అందులో ఉన్నవి ఇవీ:

ఇంటి ముందు, ఆ మనిషి వచ్చిపోయే చోట్ల రహస్యంగా కాపు కాయడం. రాత్రిపూట ఇంటికెళ్లి చూడటం. అలవాట్లు, స్నేహాలు, ఆదాయం, ఖర్చు, చేసే పని గురించి ఎప్పటికప్పుడు ఆరా తీయడం. ఎక్కడికి వెళ్తున్నాడో, ఎప్పుడు ఇంట్లో లేడో చౌకీదారులు, కానిస్టేబుళ్లు కబురు పంపడం. ఆ కదలికలను ఎంక్వైరీ స్లిప్పులతో సరిచూసుకోవడం. చివరగా, తెలిసిందంతా హిస్టరీ షీట్‌లోకి ఎక్కించడం.

తెలుగు రాష్ట్రాల్లో దీన్నే మనం రౌడీషీటు అంటాం. పేరు వేరైనా పద్ధతి దగ్గరదగ్గర అదే.

ఇప్పుడు ఈ జాబితాను మీ ఫోన్ పక్కన పెట్టి చదవండి. ఎక్కడికి వెళ్లారో లొకేషన్ చెబుతుంది. ఎవరితో తిరుగుతున్నారో కాల్ రికార్డులు, కాంటాక్టులు చెబుతాయి. ఆదాయం, ఖర్చు యూపీఐ చెబుతుంది. అలవాట్ల సంగతి మీరు రాత్రి వెతికినవీ చూసినవీ చెబుతాయి. 1962లో ఒక మనిషి గురించి ఇంత సమాచారం కావాలంటే ఓ స్టేషన్ సిబ్బంది నెలల తరబడి తిరగాలి. అందుకే అది కొద్దిమందికే పరిమితమయ్యేది. ఇప్పుడు ఆ శ్రమ లేదు. అందరిదీ ఎప్పుడూ పోగవుతూనే ఉంటుంది.

నలుగురు ఒకలా.. ఇద్దరు ఒకలా

1962 డిసెంబరు 18న తీర్పు వచ్చింది. మెజారిటీ తరఫున జస్టిస్ రాజగోపాల అయ్యంగార్ రాశారు. రాత్రిపూట ఇంటి తలుపు తట్టడం వ్యక్తిగత స్వేచ్ఛను దెబ్బతీస్తుంది, దానికి చట్టం మద్దతు లేదు కాబట్టి కొట్టేశారు. మిగతా వాటి విషయంలో వాళ్ల లెక్క వేరు. వెనకాల ఎవరో వస్తున్నంత మాత్రాన నీ నడక ఆగలేదు కదా, కాళ్లకు సంకెళ్లు లేవు కదా అన్న ధోరణి. ప్రైవసీ అనే హక్కును రాజ్యాంగం ప్రత్యేకంగా ఇవ్వలేదని కూడా తేల్చారు.

జస్టిస్ జె.సి.షాతో కలిసి సుబ్బారావు ఇందుకు ఒప్పుకోలేదు. ఆయన వాదనను మూడు మెట్లుగా చూడొచ్చు.

మొదటిది, స్వేచ్ఛ అంటే కాళ్లూ చేతులూ కదలడం ఒక్కటే కాదు. ఎవరో చూస్తున్నారని తెలిసిన మనిషి అందరిలా తిరగలేడు. కలవాలనుకున్నవాణ్ని కలవడు. అనాలనుకున్నది అనడు. మనసుకు వేసిన కట్టు శరీరానికి వేసిన సంకెల కంటే తక్కువేమీ కాదు. గోడలు కనిపించకపోయినా అలాంటివాడు తిరిగే చోటంతా అతనికి జైలే అవుతుంది.

రెండోది, ప్రైవసీ అన్న పదం రాజ్యాంగంలో లేకపోవచ్చు. కానీ 21వ అధికరణం ఇచ్చిన వ్యక్తిగత స్వేచ్ఛలో అది విడదీయలేని భాగం. ఇల్లు మనిషికి కోట లాంటిది. అక్కడ కూడా నెమ్మది లేకపోతే ఇక స్వేచ్ఛకు అర్థమేముంది?

మూడోది, ఉద్యోగార్థులు ముఖ్యంగా గుర్తుపెట్టుకోవాల్సింది. ప్రభుత్వం చేసే ప్రతి పనికీ చట్టం ఆధారం చూపించాలి. పోలీస్ రెగ్యులేషన్లు శాఖ తన సిబ్బందికి ఇచ్చుకున్న సూచనలే. శాసనసభ చేసిన చట్టం కాదు. చట్టమే లేనప్పుడు ఈ నిఘా ఏ అధికారంతో? అందుకే 236వ నిబంధన మొత్తం చెల్లదన్నారు.

మరో సంగతి. హక్కులను వేటికవి విడివిడి గదులుగా చూడకూడదని, ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటాయని ఆ తీర్పులో ఆయన అన్నారు. అప్పట్లో ఇది సుప్రీంకోర్టు దారికి అడ్డం. 1970లో బ్యాంకుల జాతీయీకరణ కేసులో, 1978లో మేనకా గాంధీ కేసులో కోర్టు ఆయన దారికే వచ్చింది.

మీ పాస్‌పోర్టు వెనకున్న కథ

1966 జూన్ 30న సుబ్బారావు భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ఆయన హయాంలో వచ్చిన ఓ తీర్పు ఎంఎస్‌కో ఉద్యోగానికో విదేశాలకు వెళ్లాలనుకునే ప్రతి ఒక్కరికీ సంబంధించింది. సత్వంత్ సింగ్ సాహ్నీ అనే వ్యాపారిని పాస్‌పోర్టు తిరిగి ఇచ్చేయమని ప్రభుత్వం అడిగింది. అప్పటికి పాస్‌పోర్టు ఎవరికివ్వాలి, ఎవరికి వద్దనాలి అని చెప్పే చట్టమే లేదు. అంతా అధికారుల ఇష్టం. 1967 ఏప్రిల్ 10న ముగ్గురు న్యాయమూర్తుల మెజారిటీతో సుబ్బారావు తీర్పిచ్చారు. విదేశాలకు వెళ్లడం వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమని, చట్టం లేకుండా దాన్ని అడ్డుకోవడం కుదరదని తేల్చారు. ఆ దెబ్బతో అదే ఏడాది పార్లమెంటు పాస్‌పోర్టుల చట్టం తెచ్చింది. ఇవాళ పాస్‌పోర్టు నిరాకరిస్తే కారణం అడగగలం, అప్పీలు చేసుకోగలం అంటే ఆ చట్టం వల్లే.

ఖరక్ సింగ్ కేసులో అడిగిన ప్రశ్నే ఇక్కడా అడిగారు. చట్టం ఏదీ అని. అప్పుడు ఓడిన ప్రశ్న ఇప్పుడు గెలిచింది.

వివాదాలూ ఉన్నాయి

ఆయన్ను అందరూ మెచ్చుకోలేదు. 1967 ఫిబ్రవరి 27న గోలక్‌నాథ్ కేసులో 6-5 తేడాతో ఆయన నాయకత్వంలోని ధర్మాసనం, ప్రాథమిక హక్కులను పార్లమెంటు సవరణతో కూడా తగ్గించలేదని తీర్పిచ్చింది. ఆ రోజుల్లో ఆస్తి హక్కు కూడా ప్రాథమిక హక్కే. పంజాబ్‌లోని ఓ భూస్వామ్య కుటుంబం వేసిన కేసు అది. భూసంస్కరణలకు ఈ తీర్పు అడ్డుపుల్ల వేస్తుందని, ఉన్నవాళ్ల కొమ్ముకాసినట్టయిందని గట్టి విమర్శలొచ్చాయి. 1973లో కేశవానంద భారతి కేసులో ఈ తీర్పును పక్కనపెట్టి, మౌలిక స్వరూపం అనే కొత్త హద్దు గీశారు.

రెండో విమర్శ ఇంకా పదునైంది. పాస్‌పోర్టు తీర్పు వచ్చిన మర్నాడే, ఏప్రిల్ 11న, పదవీ విరమణకు ఇంకా మూడు నెలలుండగా ఆయన రాజీనామా చేశారు. ప్రతిపక్షాల అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికల్లో నిలబడ్డారు. జాకీర్ హుస్సేన్‌కు 4,71,244 ఓట్ల విలువ వస్తే, సుబ్బారావుకు 3,63,971 వచ్చింది. ప్రధాన న్యాయమూర్తి కుర్చీలోంచి నేరుగా ఎన్నికల బరిలోకి దిగడం సబబేనా? దిగాలనుకున్న మనిషి అంతకుముందు ఇచ్చిన తీర్పులను జనం ఎలా చూస్తారు? ఈ ప్రశ్నలు అప్పుడూ అడిగారు, ఇప్పుడూ అడుగుతారు. వాటిని దాటేసి ఆయన జీవితం చెప్పుకోలేం.

1976 మే 6న ఆయన కన్నుమూశారు. దేశంలో అప్పుడు ఎమర్జెన్సీ. పత్రికల మీద సెన్సార్. అంతకు వారం రోజుల ముందే, ఏప్రిల్ 28న, ఎమర్జెన్సీలో వ్యక్తిగత స్వేచ్ఛ కోసం కోర్టుకు వెళ్లే వీలు లేదని సుప్రీంకోర్టు 4-1తో తేల్చింది. అసమ్మతి తెలిపింది జస్టిస్ హెచ్.ఆర్.ఖన్నా ఒక్కరే. అంటే సుబ్బారావు తన మాట గెలవడం చూడకుండానే వెళ్లిపోయారు.

ఓడిన తీర్పు గెలిచిన రోజు

ఆయన మాట చావలేదు. 1996లో పీయూసీఎల్ కేసులో ఫోన్ ట్యాపింగ్ ప్రైవసీకి భంగమేనని, హోంశాఖ కార్యదర్శి స్థాయి ఆదేశం, దానిపై సమీక్ష ఉండాలని సుప్రీంకోర్టు చెప్పింది. 2004లో హైదరాబాద్ జిల్లా రిజిస్ట్రార్‌కు, కెనరా బ్యాంకుకు మధ్య కేసు వచ్చింది. బ్యాంకులో ఉన్న ఖాతాదారుల పత్రాలను ఎవరినైనా పంపి తనిఖీ చేయించేలా ఆంధ్రప్రదేశ్ స్టాంపుల చట్టానికి చేసిన సవరణ చెల్లదని కోర్టు తేల్చింది. మన కాగితం వేరేవాళ్ల బీరువాలో ఉన్నంత మాత్రాన మన ప్రైవసీ పోదన్నమాట. బీరువా బదులు సర్వర్ అనుకోండి, విషయం ఇట్టే అర్థమవుతుంది.

ఆధార్ మీద కేసులు వచ్చినప్పుడు ప్రభుత్వం 1954 నాటి ఎం.పి.శర్మ తీర్పును, ఖరక్ సింగ్ మెజారిటీ తీర్పును ముందుపెట్టి, ప్రైవసీ ప్రాథమిక హక్కే కాదని వాదించింది. అది తేల్చడానికి తొమ్మిది మంది కూర్చోవాల్సి వచ్చింది. కేసు వేసింది కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్.పుట్టస్వామి. 2017 ఆగస్టు 24న తొమ్మిది మందీ ఒకే మాట చెప్పారు. ప్రైవసీ ప్రాథమిక హక్కు. ఖరక్ సింగ్ తీర్పులో దానికి విరుద్ధంగా ఉన్న భాగం ఇక చెల్లదు. దేశ చరిత్రలో మూడు గొప్ప అసమ్మతి తీర్పుల్లో సుబ్బారావుది ఒకటని జస్టిస్ రోహింటన్ నారిమన్ తన తీర్పులో చెప్పారు. మిగతా రెండు జస్టిస్ ఫజల్ అలీ, జస్టిస్ ఖన్నా రాసినవి.

ఆ తీర్పు ప్రభుత్వం ఇక నిఘా పెట్టకూడదని చెప్పలేదు. మూడు షరతులు పెట్టింది. చట్టం ఉండాలి. న్యాయమైన అవసరం ఉండాలి. అవసరానికి మించి చొరబడకూడదు.

మీకేంటి సంబంధం?

చాలానే ఉంది. 2021 సెప్టెంబరులో రాజస్థాన్‌లో టీచర్ అర్హత పరీక్ష రోజున కాపీయింగ్ ఆపడానికంటూ పలు జిల్లాల్లో మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. పరీక్ష రాసేవాళ్లతో పాటు ఆ రోజు ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టాల్సినవాళ్లు, డెలివరీ మీద బతికేవాళ్లు అందరూ ఇబ్బంది పడ్డారు. ఇలాంటి ఆదేశాలను దాచకుండా ప్రచురించాలని, నిరవధికంగా నెట్ ఆపడం కుదరదని 2020 జనవరిలోనే అనూరాధా భసీన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. హాస్టల్లో సాయంత్రం పూట ఫోన్ వాడొద్దన్న నిబంధనకు ఒప్పుకోనందుకు బయటికి పంపిన ఓ డిగ్రీ విద్యార్థిని 2019లో కేరళ హైకోర్టులో గెలిచింది. ఇంటర్నెట్ వాడుకోవడం చదువుకునే హక్కులో, ప్రైవసీలో భాగమని ఆ కోర్టు చెప్పింది. హైదరాబాద్‌లో ముఖాలను గుర్తుపట్టే కెమెరాల వాడకం మీద తెలంగాణ హైకోర్టులో కేసు ఉంది. అక్కడా మొదటి ప్రశ్న సుబ్బారావుదే. చట్టం ఏదీ?

ఉద్యోగాల కోణంలో చూసినా ఇది కొత్త దారి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం, ప్రభుత్వం కీలకమైనవిగా ప్రకటించే డేటా సంస్థలు దేశంలోనే ఉండే డేటా ప్రొటెక్షన్ అధికారిని నియమించుకోవాలి. లా చదివినవాళ్లకే కాదు, కంప్యూటర్ సైన్స్ చదివి చట్టం అర్థం చేసుకోగలిగినవాళ్లకూ ఇక్కడ పని ఉంది. ఉద్యోగం పేరుతో ఆధార్, బ్యాంకు వివరాలు ముందే అడిగే యాప్‌లు, సంస్థలు కనిపిస్తే మీరూ ఆ మూడు ప్రశ్నలు వేయండి. ఎందుకు కావాలి? అంత కావాలా? ఏ అధికారంతో అడుగుతున్నారు? సమాధానం రాకపోతే ఇవ్వకండి.

సుబ్బారావు నుంచి నేర్చుకోవాల్సింది ఇంకోటి ఉంది. ఇంటర్వ్యూలో గ్రూప్ డిస్కషన్ జరుగుతున్నప్పుడు అందరూ ఒకవైపు ఉంటే మనమూ అటే జరిగిపోతాం. ఆయన అలా జరగలేదు. కానీ వట్టిగా కాదనలేదు కూడా. ఎందుకు కాదంటున్నారో మెట్టు మెట్టుగా, కారణాలతో రాసిపెట్టారు. అందుకే అది తర్వాతివాళ్ల చేతికి అందింది.

పోటీ పరీక్షలకు గుర్తుంచుకోండి

* ఆంధ్ర హైకోర్టు తొలి ప్రధాన న్యాయమూర్తి: కోకా సుబ్బారావు (గుంటూరు, 1954)
* సర్చ్‌లైట్ కేసు (1958): వాక్ స్వాతంత్య్రం, సభాహక్కులు. సుబ్బారావు ఒక్కరిదే అసమ్మతి
* ఖరక్ సింగ్ కేసు (1962): పోలీసు నిఘా, 21వ అధికరణం. 4-2 తీర్పు
* గోలక్‌నాథ్ కేసు (1967): ప్రాథమిక హక్కుల సవరణ. 6-5 తీర్పు
* సత్వంత్ సింగ్ కేసు (1967): విదేశీ ప్రయాణ హక్కు, పాస్‌పోర్టుల చట్టం
* పుట్టస్వామి కేసు (2017): ప్రైవసీ ప్రాథమిక హక్కు. తొమ్మిది మంది ఏకగ్రీవ తీర్పు